నీళ్లలో మిగిలిన చప్పుడు

అలలు నెమ్మదిగా ఉన్న రోజున మైపాడులో నడుము లోతు నీళ్లలో తల ముంచితే, ఎక్కడో పోతున్న మోటారు బోటు మోత చెవి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. తల పైకెత్తి చూస్తే బోటు చుక్కంత కనిపిస్తుంది. చిన్నప్పుడు మా మేనమామ చెయ్యి పట్టుకుని ఈ ఆట ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, సముద్రపు నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. పైగా నీళ్లలో అంత త్వరగా అణగారిపోదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ‘కైయో మారు-5’ అనే జపాన్ ఓడ గుర్తొస్తుంది.

1952 సెప్టెంబర్ 17న టోక్యోకు దక్షిణంగా సుమారు 420 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఉడికిపోవడం ఒక చేపల ఓడ చూసింది. అడుగున అగ్నిపర్వతం లేచింది. ఆ ఓడ ‘మ్యోజిన్ మారు’ పేరు మీదే దానికి మ్యోజిన్-షో అని పేరు పెట్టారు. వారం తిరక్కుండానే పరిశోధకులు బయలుదేరారు. 23న అక్కడికి చేరిన ఒక విశ్వవిద్యాలయం ఓడ పేలుళ్లు చూసి క్షేమంగా తిరిగొచ్చింది. జపాన్ జలమాపన శాఖ పంపిన కైయో మారు-5 మాత్రం రాలేదు. అందులో 31 మంది ఉన్నారు, వాళ్లలో 9 మంది పరిశోధకులు. పగడపు దీవుల మీద ఏళ్లతరబడి పనిచేసిన రిసబురో తయామా వాళ్లలో ఒకరు. 24 మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. ఓడ నుంచి కాపాడమన్న కబురు కూడా రాలేదు.

కాగిన నూనె మూకుడులో తడి చెయ్యి విదిలిస్తే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. చుక్క నీరు ఒక్కసారిగా ఆవిరై నూనెను ఎగజిమ్ముతుంది. మామూలు గాలి పీడనంలో నీరు ఆవిరైతే 1,600 రెట్లు ఉబ్బుతుంది. నడిసముద్రం లోతుల్లో పైనున్న నీటి బరువు ఆ ఉబ్బును అణిచిపెడుతుంది. అగ్నిపర్వతం కొన ఉపరితలానికి దగ్గర పడేకొద్దీ ఆ బరువు తగ్గిపోతుంది. మ్యోజిన్-షో కొన ఆ రోజుల్లో నీటి పైకి వస్తూ, మళ్లీ మునిగిపోతూ ఉంది. ఓడకు అంతకంటే ప్రమాదమైన చోటు ఉండదు.

వెతకడానికి వెళ్లినవాళ్లకు ఓడ తాలూకు ముక్కలు దొరికాయి. వాటిలో నురుగురాళ్లు గుచ్చుకుని ఉన్నాయి. నురుగురాయి అంటే మరేమీ కాదు, కాలి మడమలు రుద్దుకునే రాయి. గాలి బుడగలతో నిండి, అరచేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు, నీళ్లలో తేలుతుంది. అలాంటి రాయి ఓడ చెక్కలోకి దిగబడిందంటే ఎంత వేగంగా వచ్చి తగిలి ఉంటుందో!

ఇక చప్పుడు సంగతి. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ నీరు చల్లబడి శబ్దవేగం తగ్గుతుంది. ఇంకా కిందికి పోతే పీడనం వల్ల మళ్లీ పెరుగుతుంది. మధ్యలో, చాలా సముద్రాల్లో కిలోమీటరు లోతు ప్రాంతంలో, వేగం బాగా తక్కువగా ఉండే పొర ఒకటి ఉంది. శబ్దం ఎప్పుడూ వేగం తక్కువున్న వైపే వంగుతుంది. అందుకని పైకి పోబోయినా, కిందికి పోబోయినా మళ్లీ ఆ పొరలోకే వస్తుంది. మన పెన్నా కాలువలో నీళ్లు రెండు గట్ల మధ్యే సాగినట్టు, శబ్దం ఆ పొరలో వేల కిలోమీటర్లు సాగిపోతుంది. దీన్నే సోఫార్ ఛానెల్ అంటారు. మ్యోజిన్-షో పేలుళ్లు 8,000 కిలోమీటర్లకు పైగా దూరాన, కాలిఫోర్నియా తీరంలో నీళ్లలో దించిన హైడ్రోఫోన్లకు, అంటే నీటిలో శబ్దాన్ని పట్టే మైకులకు, అందాయి. పసిఫిక్ దాటడానికి ఆ చప్పుడుకు గంటన్నర పట్టింది. 1954లో రాబర్ట్ డీట్జ్, షీహీ అనే శాస్త్రవేత్తలు ఆ రికార్డుల మీద పరిశోధన పత్రం రాశారు.

సముద్రం అడుగున జరిగేది ముందే తెలియడం మనకూ అవసరమే. 2004 డిసెంబర్ 26 ఉదయం సునామీ వచ్చినప్పుడు మన తీరానికి ఏ కబురూ ముందు అందలేదు. ఇప్పుడైతే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ సంస్థ) సునామీ కేంద్రం 2007 నుంచి బంగాళాఖాతం అడుగు మీద కన్నేసి ఉంచుతోంది.

కైయో మారు-5 పోయాక జపాన్ వాళ్లు మ్యోజిన్-షో లాంటి చోట్లకు మనిషి లేని చిన్న పడవను పంపడం మొదలుపెట్టారు. ఓడ దూరంగా ఆగిపోతుంది, పడవ ఒక్కటే అగ్నిపర్వతం మీదికి వెళ్లి లోతు కొలిచి వస్తుంది. దాని పేరు మాంబో, ఒక చేప పేరు.