వరి దక్కని నేలలో రబ్బరు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బోర్నియో దీవిలో, నేటి మలేషియాలోని సారవాక్ రాష్ట్రంలో, రజాంగ్ నది ఒడ్డున సిబు అనే పట్టణం ఉంది. 1901, 1902 సంవత్సరాల్లో చైనాలోని ఫూచౌ ప్రాంతం నుంచి వెయ్యి మందికి పైగా జనం అక్కడికి వలస వచ్చారు. వారిని తీసుకువచ్చినవాడు వాంగ్ నైసియాంగ్ అనే పండితుడు. సారవాక్‌ను అప్పట్లో పాలిస్తున్న ఆంగ్లేయ రాజు చార్లెస్ బ్రూక్‌కు కావలసింది వరి పండించే రైతులు కనుక, ఆయన వారికి అడవి భూములిచ్చి, దారి ఖర్చులకు అప్పు కూడా ఇచ్చాడు.

అయితే వరి వారికి కలిసిరాలేదు. చైనాలో తరతరాలుగా నేర్చిన సేద్యం ఆ వానల్లో, ఆ నేలలో అక్కరకు రాలేదు. వరదలకూ ఎలుకలకూ పోగా మిగిలిన గింజలు తిండికే చాలలేదు, పైగా మలేరియా. 1904లో వాంగ్ తిరిగి వెళ్లిపోయాడు. బాధ్యత జేమ్స్ హూవర్ అనే అమెరికన్ మిషనరీ మీద పడింది. ఆయన రబ్బరు మొక్కలు తెప్పించి నాటించాడు.

రబ్బరు అక్కడి చెట్టు కాదు. 1876లో బ్రెజిల్ నుంచి లండన్‌కు చేరిన గింజల మొక్కల్లో కొన్ని మరుసటి ఏడు సింగపూరుకు వచ్చాయి. మలయా (నేటి మలేషియాలోని ద్వీపకల్ప భాగం)లోని మలక్కాలో టాన్ చేయాన్ అనే చైనా వర్తకుడు 1896లోనే తోట వేసి, ఇందులో డబ్బుందని తనవారికి చూపించాడు.

రబ్బరు చెట్టు నుంచి పాలు తీసే పని చూడటానికి సులువుగానే ఉంటుంది. చల్లని వేళ పాలు బాగా కారుతాయి కనుక తెల్లవారకముందే దీపం పట్టుకుని తోటకు వెళ్లి, వంపు కత్తితో బెరడును ఏటవాలుగా, కాగితమంత పలచగా చెక్కుతారు. పాల నాళాలు బెరడులోనే ఉంటాయి. కత్తి మరికాస్త లోతుకు దిగితే చెట్టుకు గాయమై అక్కడ బొడిపె కడుతుంది, ఆ చోట మళ్లీ గాటు పెట్టడం కష్టం. కారిన పాలను గిన్నెల్లోంచి బకెట్లలోకి వంపి, కాస్త ఆమ్లం కలిపితే పెరుగులా గడ్డకడతాయి. ఆ గడ్డను చేతి మరలో రెండు రోలర్ల మధ్య నొక్కి, పలకలుగా చేసి, పొగలో ఆరబెడతారు. వాన పడితే ఆ రోజు పని లేనట్టే.

నా దృష్టిలో, ఈ చెట్టు వలసదారులకు నప్పడానికి కారణం లాభం ఒక్కటే కాదు. రెండు మూడెకరాల తోటను ఆలుమగలు, పిల్లలు కలిసి చూసుకోగలరు, కూలీలు అక్కరలేదు. మొక్క పాలకు రావడానికి ఆరేడేళ్లు పట్టినా, ఈలోగా వరుసల మధ్య దుంపలో కూరగాయలో పండించుకోవచ్చు. ధర పడిపోతే కొన్నాళ్లు గాటు పెట్టకుండా వదిలేసినా చెట్టుకు నష్టం లేదు. అదే కాలంలో మలయా ఎస్టేట్లలో మన విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు ఇదే కత్తి పట్టారు గానీ, ఆ చెట్లు కంపెనీలవి, వారికి దక్కింది దినకూలి.

1910లో రబ్బరు ధర ఆకాశాన్నంటడంతో సిబు చుట్టూ తోటలు విస్తరించాయి. అయితే ధర తేలేది లండన్‌లోనూ న్యూయార్కులోనూ. 1930ల మాంద్యంలో అది అడుగంటాక, 1934లో రబ్బరు దేశాలు ఉత్పత్తిపై కట్టడి పెట్టుకున్న ఒప్పందం సారవాక్‌కూ వర్తించింది. దానితో రజాంగ్ ఒడ్డున రెండెకరాల రైతు కూడా కొత్తగా మొక్క నాటాలంటే సర్కారు అనుమతి కోసం చూడవలసి వచ్చింది.

ఇట్లు,
మీ తాతయ్య