మెథిసర్జైడ్: ఆరు నెలలకోసారి ఆపాల్సిన మందు

దేవరకొండ పక్కన మా మేనత్త వాళ్ల సజ్జ చేను పూత మీదున్నప్పుడు ముసురు పట్టింది. కంకుల నుంచి జిగురు కారి ఈగలు, చీమలు మూగాయి. దీన్నే తేనెబంక తెగులు అంటారు. కొన్నాళ్లకు గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ముల్లాంటివి లేచాయి. అవే ఎర్గాట్, అంటే ఒక రకం బూజు గడ్డలు. పార్శ్వపు నొప్పికి వాడే మెథిసర్జైడ్ ఈ ఎర్గాట్ కుటుంబపు మందే. ఆ కొమ్ములు కలిసిన సజ్జలు తింటే వాంతులు, మత్తు, కళ్లు తిరగడం వస్తాయి. అందుకే విత్తనాలను ఉప్పు నీళ్లలో పోసి, పైకి తేలినవి తీసి పారేస్తారు.

అత్తకు ఏళ్ల తరబడి పార్శ్వపు నొప్పి ఉంది. అది మొదలైతే వెలుతురు పడదు. తలకు గుడ్డ బిగించుకుని చీకటి గదిలో పడుకుంటుంది. ఆమె మెడికల్ షాపులో తెచ్చుకునే గోళీలో ఉన్నది ఎర్గోటమిన్. అదీ ఎర్గాట్ మందే, కానీ సజ్జ మీది బూజు నుంచి రాలేదు. ఐరోపాలో రై అనే ధాన్యం కంకుల మీద పెరిగే బూజు వేరు, దానిలోని రసాయనాలూ వేరు. 1918లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆర్థర్ స్టోల్ దాన్నుంచే ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. నొప్పి వచ్చాక వేసుకునే మందు ఇది. ఉబ్బిన రక్తనాళాలను ముడుస్తుంది.

అసలు నొప్పే రాకుండా చూడడానికి అదే కుటుంబంలో మెథిసర్జైడ్ తయారైంది. ఒంట్లో కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి పార్శ్వపు నొప్పిలో పాత్ర ఉందని నమ్మిన ఫ్లోరెన్స్ వైద్యుడు ఫెడెరిగో సికుటేరి, 1959లో ఇది నొప్పిని నివారిస్తుందని ప్రకటించాడు. సెరటోనిన్ సందేశాన్ని అందుకునే చోట్లు, అంటే గ్రాహకాలు, మన కణాల మీద చాలా రకాలున్నాయి. మెథిసర్జైడ్ రెండో తరగతి గ్రాహకాలను మూసేస్తుంది, మొదటి తరగతి వాటిని కొంత ప్రేరేపిస్తుంది. మొదటి తరగతిని ప్రేరేపించే ఈ పనిని వెంబడించి వెళ్లిన పరిశోధకులే తర్వాత సుమట్రిప్టాన్ అనే పార్శ్వపు నొప్పి మందును కనిపెట్టారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది కాలేయం చేసే పని. మింగిన మెథిసర్జైడ్‌లో చాలా భాగాన్ని అది మిథైల్‌ఎర్గోమెట్రిన్‌గా మార్చేస్తుంది. రక్తంలో మింగిన మందు కన్నా ఈ మారిన మందే పదింతలకు పైగా ఉంటుంది. ఆ పేరు మనకు కొత్త కావచ్చు గానీ, నల్గొండలో ఏ కాన్పు వార్డు నర్సమ్మను అడిగినా మెథర్జిన్ అంటే ఏమిటో చెబుతుంది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే మందు అదే. అంటే తలనొప్పి కోసం మింగిన గోళీ, ఒంట్లోకి వెళ్లాక ఎక్కువగా కాన్పు మందై తిరిగిందన్నమాట.

ఇబ్బంది కూడా బహుశా అక్కడి నుంచే వచ్చింది. 1960లలో బోస్టన్ వైద్యుడు జాన్ గ్రాహమ్, ఈ మందును నెలల తరబడి ఆపకుండా వాడినవాళ్లలో కొందరికి కడుపు వెనక భాగంలో పీచులాంటి కణజాలం పెరగడం గమనించాడు. అది మూత్రనాళాలను చుట్టేసి నొక్కేస్తుంది. కొందరికి గుండె కవాటాలు, ఊపిరితిత్తుల పొర కూడా మందమయ్యాయి. మెథిసర్జైడ్ మూసేసే 2బి అనే రెండో తరగతి గ్రాహకాన్ని మిథైల్‌ఎర్గోమెట్రిన్ మాత్రం ప్రేరేపిస్తుంది. కవాటాల్లో కణాలు పెరగమని చెప్పేది ఆ గ్రాహకమే కాబట్టి కారణం ఇదేనని పరిశోధకుల అంచనా. అందుకే ఆరు నెలలు వాడితే మూడు నాలుగు వారాలు తప్పకుండా ఆపాలన్న నియమం వచ్చింది. అదీ ఒక్కసారిగా కాదు, మోతాదు తగ్గిస్తూ ఆపాలి. అమెరికాలో 2002లో దీని అమ్మకం ఆగిపోయింది. 2014లో యూరప్ మందుల సంస్థ, వేరే మందులేవీ పనిచేయని వాళ్లకే ఇవ్వాలని కట్టడి చేసింది.

ఎర్గోటమిన్‌కూ రోజుల లెక్క ఉంది. అత్తను నల్గొండలో డాక్టరుకు చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "నెలకు ఎన్ని దినాలు ఏస్కుంటున్నవమ్మా?" అని. "దినాం" అంది అత్త. నెలకు పది రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ గోళీయే తలనొప్పి తెస్తుందని ఆయన చెప్పాడు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిపి వేసుకుంటే కాలేయం ఎర్గోటమిన్‌ను విరగ్గొట్టలేకపోతుంది. వేళ్లకు రక్తం అందక చల్లబడి నల్లబారే ప్రమాదం ఉంది. ఈ మాట మెడికల్ షాపులో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కోపమొచ్చింది.

ఆ గోళీ మానేసిన మొదటి రెండు వారాలు నొప్పి ఇంకా పెరిగింది. ఇప్పుడు నొప్పి రాకుండా ఆపే ప్రొప్రనొలాల్ అనే మందు వాడుతోంది. నొప్పి వచ్చిన రోజు గోడ మీది క్యాలెండరులో పెన్నుతో గీత పెడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు చింపి మడిచి కొంగున కట్టుకుంటుంది.