సర్వేకు దొరకని ఓటరు: అపోహలు - వాస్తవాలు

అమెరికా అధ్యక్ష ఎన్నికలొస్తే నెల్లూరు, ఒంగోలు ఇళ్లలోనూ సర్వే అంకెల మీద చర్చ నడుస్తుంది, పిల్లలు అక్కడున్న ఇళ్లలో మరీను. ఆ అంకెలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

అపోహ: ఎంత ఎక్కువమందిని అడిగితే అంత నిజం.

వాస్తవం: 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటిమందికి నమూనా బ్యాలెట్లు పంపితే దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాల్లో ఎక్కువ భాగం టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోన్లు, కార్లు ఉన్నది కలిగినవాళ్లకే. పైగా పనిగట్టుకుని జవాబు పంపినవాళ్లలో రూజ్‌వెల్ట్ అంటే గిట్టనివాళ్లు ఎక్కువ. అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో (అడగడానికి ఎంచిన జనంతో) సర్వేలు చేసే జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు.

నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో నిలబడితే ఒక్క రోజులో వందలమంది దొరుకుతారు. నాట్లకు పోయిన కూలీ, గడప దాటని ముసలమ్మ మాత్రం దొరకరు. అందుకే బూత్‌లను లాటరీ తీసి ఎంచాలి. వెయ్యి ఓట్ల బూత్‌లో 20 మంది కావాలంటే 50కి ఒకరు. 1 నుంచి 50 లోపు చీటీ తీస్తే 17 వచ్చిందనుకోండి, ఓటర్ల జాబితాలో 17, 67, 117 అలా వెళ్లాలి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే సాయంత్రమో ఆదివారమో మళ్లీ పోవాలి తప్ప పక్కింటాయన చేత నింపించకూడదు. సర్వేలు చెడేది ఎక్కువగా ఇక్కడే. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు ఇంకో చిక్కుంది: పేరు ఊళ్లో, మనిషి హైదరాబాదులోనో బెంగళూరులోనో. పోలింగ్ నాటికి బస్సెక్కి వచ్చేస్తారు. ఇంట్లో ఫోన్ నంబరు తీసుకుని అడగాల్సిందే.

అపోహ: సర్వేలో ఒకరికి 48 శాతం, ఇంకొకరికి 45 అంటే మొదటివాళ్లు గెలిచినట్టే.

వాస్తవం: సరిగ్గా ఎంచిన వెయ్యిమంది శాంపిల్‌లో ఒక్కో అంకె 3 శాతం అటూఇటూ కావచ్చు. ఇద్దరి మధ్య తేడాకైతే దాదాపు 6. నియోజకవర్గానికి 150 మందిని అడిగి నెల్లూరు రూరల్ ఫలానావాళ్లదే అంటే, అక్కడ పొరపాటుకు 8 శాతం చోటుంది.

అపోహ: 2016 అమెరికా ఎన్నికల్లో సర్వేలన్నీ తప్పాయి.

వాస్తవం: జాతీయ సర్వేలు సగటున ట్రంప్ మీద హిల్లరీ క్లింటన్‌కు 3 శాతం ఆధిక్యం చూపాయి, ఓట్లలో ఆమెకు 2.1 శాతం ఆధిక్యం వచ్చింది. అయినా ఓడిపోయింది. ఎందుకంటే గెలుపు తేలేది దేశం మొత్తం ఓట్లతో కాదు, రాష్ట్రాలవారీగా వచ్చే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270తో. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 80 వేలలోపు ఓట్లతో చేజారాయి. అక్కడి సర్వేలు చాలావరకు చదువును బట్టి వెయిటేజీ ఇవ్వలేదు. ఓటర్లలో డిగ్రీ లేనివాళ్లు 60 శాతమై శాంపిల్‌లో 45 మాత్రమే ఉంటే వాళ్ల ఒక్కో జవాబును 1.33గా, డిగ్రీవాళ్లది 0.73గా లెక్కించాలి. ఇదీ సర్వరోగనివారిణి కాదు. 2020లో చాలా సర్వేలు ఆ సవరణ చేసినా బైడెన్ ఆధిక్యాన్ని ఎక్కువే చూపాయి.

ఓట్ల శాతం వేరు, సీట్లు వేరు. 2024లో మన రాష్ట్రంలో వైఎస్సార్సీపీకి 39 శాతం ఓట్లు పడ్డాయి, 175లో 11 సీట్లే వచ్చాయి.

అపోహ: జనం నిజం చెప్పరు.

వాస్తవం: అరుగు మీద నలుగురి ముందు అడిగితే చెప్పరు. గుర్తులు అచ్చేసిన కాగితం ఇచ్చి, ఒంటరిగా టిక్ పెట్టి మడిచి పెట్టెలో వేయమనాలి. అప్పటిదాకా అడిగేవాళ్లు అటు తిరిగి నిలబడాలి. కాగితం మీద పేరు రాయకూడదు.