ఖాళీ ట్యాంకు ఖాళీగా ఉండదు: ఇంధన ట్యాంకుల వెలితిపై అపోహలు - వాస్తవాలు

పెట్రోల్ బంకుల భూగర్భ ట్యాంకులు శుభ్రం చేయడం, వాటిలోని ఆవిరి బయటికి పోయే వెంట్ పైపులు, మ్యాన్‌హోల్ సీళ్లు సరిచూడటం నా వృత్తి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. బంకుకి వెళ్తే నూనె ఎంత ఉంది, డెన్సిటీ ఎంత వచ్చింది, నీళ్లు దిగాయా అని అందరూ అడుగుతారు. నూనె పైన ఉన్న వెలితి గురించి మాత్రం ఎవరూ అడగరు.

బిందె నిండకపోతే వెలితిగా ఉంది అంటాం కదా, ఆ వెలితే ఇది. బిందెలో అయితే అక్కడ ఉండేది ఉత్త గాలి. పెట్రోల్ ట్యాంకులో గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి. మండేది అదే. ద్రవంగా ఉన్న పెట్రోల్ తనంతట తాను మండదు, దాని మీద నుంచి లేచిన ఆవిరి గాలితో కలిశాకే మండుతుంది. ఆ కలయికకు ఒక లెక్క ఉంది. గాలిలో పెట్రోల్ ఆవిరి నూటికి సుమారు 1.4 పాళ్ల కంటే తక్కువుంటే అంటుకోదు. 7.6 పాళ్లు దాటినా అంటుకోదు, ఎందుకంటే అప్పుడు మండటానికి గాలి చాలదు. ఈ రెండు అంకెల మధ్యే గండం. నేను చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: "మొత్తం తీసేశాం, ఇక భయం లేదు"

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట ఇదే.

మన ఎండలకి సగం నిండిన పెట్రోల్ ట్యాంకు వెలితిలో ఆవిరి నూటికి ముప్ఫై పాళ్ల పైనే ఉంటుంది. అంటే 7.6ను ఎప్పుడో దాటేసింది. మూత వేసి ఉన్నంతసేపు లోపల అంటుకునే పరిస్థితి లేదు. ఇప్పుడు అదే ట్యాంకును ఖాళీ చేసి మూత తీయండి. గాలి లోపలికి వెళ్తుంది, ఆవిరి పలచబడుతుంది. ముప్ఫై పాళ్ల నుంచి సున్నాకి రావాలంటే మధ్యలో 7.6 నుంచి 1.4 దాకా ఉన్న మెట్లన్నీ దిగాల్సిందే. ట్యాంకు శుభ్రం చేయడమంటే దాన్ని ఆ గండం గుండా నడిపించడమే. ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదమని మేం చెప్పేది అందుకే.

200 లీటర్ల డ్రమ్ము గండంలో పడటానికి అందులో మిగిలిన పెట్రోల్ ఎంతుంటే చాలో తెలుసా? సుమారు 15 మిల్లీలీటర్లు. మూడు టీస్పూన్లు. డ్రమ్మును తలకిందులు చేసినా అంచు మడతలో అంత మిగిలిపోతుంది.

ఆరేళ్ల కిందట ఒక పని మీద సాలూరు వెళ్లాను. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ అప్పటికి మా విజయనగరం జిల్లాలోనే ఉండేది. లారీల ఊరు అది. బైపాస్ దగ్గర షెడ్డులో ఒక పెద్దాయన లారీ డీజిల్ ట్యాంకు ముందు పెట్టుకుని వెల్డింగ్‌కి సిద్ధమవుతున్నాడు. ఆగమన్నాను. "రెండ్రోజులు ఎండలో పెట్టాం తమ్ముడూ. డీజిలే కదా, ఏటవుద్ది?" అన్నాడు.

నా దగ్గర ఆవిరి కొలిచే గ్యాస్ మీటరు ఉంది. గొట్టం లోపలికి వదిలాను. 2 చూపించింది. అంటే అంటుకునే కనీస స్థాయిలో నూటికి రెండు వంతులు. ఆయన నవ్వాడు. ఒక్క పది నిమిషాలు ఇవ్వమని అడిగి, పక్క టీ బడ్డీ నుంచి మరిగే నీళ్లు తెప్పించి ట్యాంకు అడుగున బయటివైపు పోశాను. చెక్క సుత్తితో లోపలి అడ్డరేకులు అతికిన చోట కొట్టాను. లోపల ఎండిపోయి పట్టుకున్న మడ్డి కదిలింది. మీటరు 5కి వచ్చింది, 9 అయ్యింది, 14 దగ్గర ఆగింది. డీజిల్ ఆవిరిని ఈ మీటర్లు ఉన్నదానికంటే తక్కువే చూపిస్తాయి కాబట్టి అసలు అంకె అంతకంటే ఎక్కువే. వేడి నీళ్లకే ఇలా ఉంటే వెల్డింగ్ మంటకి ఆ మడ్డి ఎంత ఆవిరి వదులుతుందో ఆయనకి నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది. వెల్డింగ్ చేయాలంటే ఆ అంకె సున్నా దగ్గరే ఉండాలి, పని జరిగినంతసేపూ అక్కడే ఉండాలి.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడాది ఇలాంటి షెడ్డులోనే ట్యాంకు పక్క రేకు ఊడి ఎగిరి పైకప్పు సిమెంటు రేకును చీల్చుకుంటూ పోవడం చూశాను. వెల్డర్ కుర్రాడు పక్కకి వంగి ఉండటం వల్ల బతికాడు, ఒక చెవి పోయింది. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అపోహ: "పెట్రోలే ప్రమాదం, డీజిల్, కిరోసిన్ అంటుకోవు"

మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదిలే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలకు తగ్గకూడదని నిబంధన. మే నెలలో మన దగ్గర నీడలోనే అంత ఉంటుంది. ఎండలో నిలబెట్టిన లారీ ట్యాంకు రేకు మీద చెయ్యి ఆనించి చూడండి.

1996 జులై 17న న్యూయార్క్ నుంచి బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 విమానం గాల్లో పేలి 230 మంది చనిపోయారు. దాని మధ్య ట్యాంకులో సుమారు 49 వేల లీటర్లు పడుతుంది. ఆ రోజు ఉన్నది 190 లీటర్ల చిల్లర. విమాన ఇంధనం కిరోసిన్ జాతిదే. ట్యాంకు కింద ఉన్న ఏసీ యంత్రాల వేడికి అడుగున మిగిలిన ఆ కాస్తా ఆవిరై వెలితంతా నిండింది. పేలింది ఆ వెలితేనని దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాతే ప్రయాణికుల విమానాల ట్యాంకుల్లోకి నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలి పంపి ఆక్సిజన్ తగ్గించే పద్ధతి వచ్చింది. అమెరికాలో 2008లో దీనికి నిబంధన పెట్టారు.

మన రోడ్ల మీద దీని తమ్ముడు లాంటి ప్రమాదం ఒకటుంది. నిన్న పెట్రోల్ మోసిన ట్యాంకరు కంపార్ట్‌మెంట్‌లో ఇవాళ డీజిల్ నింపుతారు. లోపల మిగిలిన పెట్రోల్ ఆవిరిని డీజిల్ తనలోకి పీల్చుకుంటుంది. 7.6 పైన ఉన్నది కాస్తా గండంలోకి దిగుతుంది. అదే సమయంలో పైపులో వేగంగా పారే డీజిల్ వల్ల స్టాటిక్ కరెంటు పుడుతుంది. ఆవిరీ, నిప్పురవ్వా ఒకే చోటికి చేరతాయి. డీజిలే కదా అని, ఆ స్టాటిక్‌ను నేలలోకి పంపే ఎర్తింగ్ క్లిప్ పెట్టని డ్రైవర్లను చూస్తుంటాను. పెట్రోల్ కంటే జాగ్రత్తగా క్లిప్ పెట్టాల్సిన లోడు అది. మొదట నెమ్మదిగా నింపాలి, పైపు మూతి అడుగుదాకా దించాలి, నిండగానే లోతు కొలిచే డిప్ రాడ్ దించకుండా కాసేపు ఆగాలి.

అపోహ: "నీళ్లు ప్రెషర్‌తో కొట్టి కడిగేస్తే అయిపోతుంది"

1969 డిసెంబరులో మూడు పెద్ద చమురు నౌకలు, మార్పెస్సా, మాక్ట్రా, కాంగ్ హాకాన్ 7, ఒకే నెలలో పేలాయి. మూడింటిలోనూ అప్పుడు ట్యాంకులు కడుగుతున్నారు. మార్పెస్సా మునిగిపోయింది. ప్రెషర్‌తో కొట్టిన నీళ్లు తుంపరలై స్టాటిక్ పుట్టించాయని పరిశోధకులు తేల్చారు. అందుకే ఇప్పుడు పెద్ద చమురు నౌకల ట్యాంకుల వెలితిలో ఆక్సిజన్‌ను 8 శాతం లోపే ఉంచుతారు. విశాఖ రేవుకి వచ్చే నౌకలైనా అంతే.

కడగడం తప్పని కాదు. కడిగే ముందు ఆవిరి సంగతి తేల్చుకోవాలి అంటున్నాను. మేమైతే రోజంతా బ్లోయర్ పెట్టి, ఆవిరిని మనుషుల మధ్యకి కాకుండా ఎత్తుకి వదులుతాం. మనిషి లోపలికి దిగాలంటే ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, ఆవిరి కనీస స్థాయిలో పదో వంతు లోపే ఉండాలి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, అడుగునే కూర్చుంటుంది.

కొత్తగా మీటరు కొన్న కుర్రాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మామూలు మీటరు లోపల ఆవిరిని కాస్త కాల్చి కొలుస్తుంది. ఆవిరి మరీ ఎక్కువై గాలి లేకపోతే అది కాల్చలేదు. ముల్లు ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ సున్నాకి పడిపోతుంది. ఆ సున్నా చూసి దిగితే మనిషి దక్కడు. అందుకే ముందు ఆక్సిజన్ చూడాలి. పడిపోయినవాణ్ని తీద్దామని వెనకే దూకితే రెండు ప్రాణాలు పోతాయి. పైన ఉన్నవాడు తాడుతో లాగాలి, దిగకూడదు. నా దగ్గర చేరే ప్రతి కుర్రాడి చేత మొదటి రోజే ఈ మాట మూడుసార్లు చెప్పిస్తాను.

అపోహ: "వెంట్ పైపు మూస్తే పెట్రోల్ మిగులుతుంది"

మే నెల మధ్యాహ్నం ట్యాంకరు అన్‌లోడ్ అవుతున్నప్పుడు వెంట్ పైపు నీడ పడిన చోట సిమెంటు నేల మీద చూడండి. పైపు మూతి నీడ నుంచి పలచని నీడ ఒకటి సుడులు తిరుగుతూ కిందికి జారుతుంటుంది. కంటికి కనపడని ఆవిరి నీడ అది. 12 వేల లీటర్ల పెట్రోల్ దిగితే 12 వేల లీటర్ల వెలితి బయటికి పోవాలి. అందులో ఆవిరి రూపంలో పది పదిహేను లీటర్ల పెట్రోల్ పోతుంది. ఓనరుకి కడుపు మండటం సహజమే.

దానికి మందు పైపుకి గుడ్డ కట్టడం కాదు. ఆవిరిని గొట్టం ద్వారా తిరిగి ట్యాంకరులోకే పంపే ఏర్పాటు ఉంది, అది పెట్టించుకోవాలి. నరసన్నపేట వైపు ఒక బంకులో వర్షాకాలంలో కందిరీగలు వెంట్ జాలీకి మట్టిగూడు కట్టేశాయి. అన్‌లోడింగ్ ఎందుకు ఇంత మెల్లగా అవుతోందని డిప్ పైపు మూత తిప్పిన కుర్రాడి ముఖం మీదికి పెట్రోల్ చిమ్మింది. కళ్లకి ఏమీ కాకపోవడం అదృష్టం. వెంట్ పైపు కనీసం 4 మీటర్ల ఎత్తు ఉండాలి, జాలీ శుభ్రంగా ఉండాలి, దగ్గర్లో ఏ నిప్పూ ఉండకూడదు.

అపోహ: "ఎండాకాలం ఫుల్ ట్యాంకు కొట్టిస్తే బండి పేలిపోతుంది"

ఏటా ఏప్రిల్ రాగానే ఈ మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. నిజం కాదు. నిప్పు తగలకుండా పెట్రోల్ తనంతట అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి. కంపెనీ చెప్పిన కొలత వరకు నిశ్చింతగా నింపుకోండి. ఆటోకట్ పడ్డాక బండి ఊపి మరీ మూతి దాకా పోయించుకోవడమే తప్పు. పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. 12 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. వెలితి లేకపోతే ఆ పెరిగింది ఎక్కడికి పోవాలి? ఇప్పటి బీఎస్-6 బండ్లలో ఆవిరి పీల్చుకునే బొగ్గు డబ్బా ఉంటుంది, అందులోకి ద్రవం వెళ్తే అది పాడైపోతుంది.

అపోహ: "మూత గట్టిగా బిగిస్తే క్యాను ఎక్కడ పెట్టినా ఒకటే"

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ల కోసం నీళ్ల క్యాన్లలో మూతి దాకా పెట్రోల్ పోయించుకుని ఆటోల్లో తీసుకెళ్లారు, వంటింటి పక్క గదిలో దాచారు. అవసరం అలాంటిది, వాళ్లని తప్పుపట్టను. కానీ మళ్లీ తుఫాను వస్తుంది, అందుకే చెబుతున్నాను. ఆవిరి నేల మీద పాకుతుంది, గడప కింద సందులోంచి పొయ్యి దగ్గరికి చేరుతుంది. క్యానులో వెలితి ఉంచండి. బండి సీటు మీదో ఆటో రబ్బరు మ్యాట్ మీదో పెట్టి నింపకండి, నేల మీద పెట్టి నింపండి. స్టాటిక్ నేలలోకి పోతుంది. ఇంటి బయట నీడలో దాచండి.

అపోహ: "వాసన లేదు, ఆవిరి లేదు"

ఆవిరి మధ్య నిలబడితే కొద్దిసేపటికే ముక్కు అలవాటుపడిపోతుంది. మాకు వాసన తెలియట్లేదంటే ఇంకా ఎక్కువ భయపడాలి.

గత నెల మళ్లీ సాలూరు వెళ్లాను. ఆ పెద్దాయన షెడ్డులో ఇప్పుడు ట్యాంకుని ముందు వేడి నీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడుగుతున్నారు. తర్వాత అతుకు పైకి వచ్చేలా తిప్పి, అతుక్కి రెండు వేళ్ల కింద వరకు నీళ్లు నింపుతున్నారు. మూత తీసే ఉంచుతున్నారు. నాలుగు షెడ్లవాళ్లు కలిసి ఒక మీటరు కొన్నారు. "చూడు తమ్ముడూ, వెలితి ఎంతుందో" అని పిలిచి చూపించాడు. రెండు వేళ్లు పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది.