నట్టల మందు ఎప్పుడు వేయాలి?

బ్రిటన్‌లో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలకు హెడ్జ్‌హాగ్ పిల్లలు వరసగా వస్తుంటాయి. ఒంటినిండా ముళ్లున్నా ఇది మన ఏదుపందికి చుట్టం కాదు, చుంచుకు దగ్గరిది. రాత్రిపూట తిరిగే జీవి. పట్టపగలు పెరట్లో తూలుతూ కనబడిందంటే జబ్బు పడిందనే లెక్క.

సెప్టెంబరులో ఆలస్యంగా పుట్టిన పిల్లలకే ఈ తిప్పలు ఎక్కువ. శీతాకాలపు నిద్ర తట్టుకోవాలంటే అర కిలో దరిదాపు బరువు పెరగాలి. అప్పటికి ఇష్టమైన పెంకుపురుగులు, గొంగళిపురుగులు కరవైపోతాయి. ఆకలికి నత్తల్ని, గుల్ల లేని స్లగ్‌లని తింటాయి. క్రెనోసోమా స్ట్రయాటమ్ అనే ఊపిరితిత్తుల పురుగు వాటిలోంచే వస్తుంది.

కడుపులోకి చేరిన పిల్లపురుగు ఊపిరితిత్తులకు పోయి సుమారు మూడు వారాల్లో ఎదుగుతుంది. తెల్లటి దారప్పోగులా, సెంటీమీటరు పొడవున శ్వాసనాళాల్లో ఉంటుంది. గుడ్లు కాదు, కదిలే పిల్లల్నే కంటుంది. అవి దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగుడుపడి, మలంతో బయటపడి మళ్లీ నత్తల్లో చేరతాయి. తాజా మలాన్ని చుక్క నీటిలో కలిపి మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి.

అది చూశాక చెయ్యి ఆగదు. మందూ కొత్తదేం కాదు, మన గొర్రెలకు తాగించే నట్టల మందుల్లో ఉండే లెవామిసోలే. కానీ ఒళ్లు చల్లబడి, నీరసించిన పిల్లకు రాగానే అది వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చచ్చిన పురుగులు, వాపు, కఫం కలిసి సన్నటి గాలిదారుల్ని మూసేస్తాయి. ముందు ఒళ్లు వెచ్చబడాలి, తర్వాత ఒంట్లోకి ద్రవాలు ఎక్కాలి, ఆపైన తిండి. పాలు మాత్రం వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. నట్టల మందు వంతు ఆ తర్వాతే, చాలాసార్లు యాంటీబయాటిక్, కఫం కరిగించే మందు తోడుగా.

ఒక్క పురుగూ మిగలకూడదన్న పట్టుదల నాకు అతిగా తోస్తుంది. ఆరోగ్యంగా తిరిగే హెడ్జ్‌హాగ్‌లలోనూ పురుగులుంటాయి, వదిలిన మర్నాడే ఇది మళ్లీ నత్తను తింటుంది. కేంద్రంలో అసలు దిగులు కాక్సీడియా అనే, పేగుల్లో పెరిగే సూక్ష్మజీవితో. కోళ్ల ఫారాలవాళ్లకు ఆ జాతి సూక్ష్మజీవులు బాగా పరిచయమే. దానికి నత్తతో పని లేదు, పక్కపిల్ల మలం చాలు. మామూలు ఫినాయిల్‌కు లొంగదు. కాకపోతే మలంతో బయటపడిన దాని తిత్తి (గుడ్డులాంటి గట్టి పెంకు దశ) అంటుకునే దశకు రావడానికి కొంత సమయం పడుతుంది. అందుకే అక్కడ పిల్లకో పెట్టె ఉంచుతారు, కింద పరిచిన పాత పేపర్లు రోజూ మారుస్తారు, గిన్నెల్ని మరిగే నీళ్లతో కడుగుతారు.