ప్లాస్మా మెష్ తిప్పలు: 1928 నుంచి ఇప్పటిదాకా

అనంతపురం, కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ ప్రాజెక్టు చేసిన ఎవరినడిగినా చెబుతారు, సగం టెన్షన్ మెష్ (లెక్క కోసం వస్తువును చిన్న చిన్న గడులుగా కోసే వల) దగ్గరే. ఎలిమెంట్, అంటే ఒక్కో గడి సైజు తగ్గిస్తే ల్యాబ్ సిస్టమ్ హ్యాంగవుతుంది, పెంచితే జవాబు మారిపోతుంది. పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్‌లోని ప్లాస్మాను (విపరీతంగా వేడెక్కి, విద్యుదావేశం పొందిన వాయువును) కంప్యూటర్లో లెక్కగట్టేవాళ్లదీ ఇదే చిక్కు, ఇంకా ముదిరిన రూపంలో.

దీని మూలం 1928 నాటిది. గడి చిన్నదైతే లెక్కలో కాలం అడుగు (ఒక్కోసారి ముందుకు జరిగే సమయం) కూడా చిన్నది కావాల్సిందేనని కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితవేత్తలు ఆ ఏడాది తేల్చారు. మూడు దిక్కులా గడిని సగం చేస్తే గడులు 8 రెట్లు, కాలం అడుగులు 2 రెట్లు, మొత్తం పని 16 రెట్లు. అంతటా సన్నగా కోసుకుంటూ పోతే ఏ సూపర్ కంప్యూటరూ చాలదు.

1984లో మార్షా బర్గర్, జోసెఫ్ ఆలిగర్ ఒక దారి చూపారు. లెక్క నడుస్తుండగానే తప్పు ఎక్కడ పెరుగుతోందో ప్రోగ్రామే కనిపెట్టి, అక్కడ మాత్రమే సన్న గడులు వేస్తుంది. అవసరం తీరగానే తీసేస్తుంది. చిన్న అడుగులు ఆ సన్న గడులకే పరిమితం. అడాప్టివ్ మెష్ అంటే ఇదే. 1989లో బర్గర్, ఫిలిప్ కొలెల్లా దీన్ని షాక్ తరంగాల లెక్కలకు కుదిర్చారు.

ఈలోగా ఫ్యూజన్ రంగం టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంత రేఖలతో వలయంలో బంధించే యంత్రం) వెంటపడింది. 1968లో, ప్లాస్మాను ఎంతో వేడెక్కించామన్న సోవియట్ టోకమాక్ టీ-3 ఫలితాలు బయటికొచ్చాయి. మరుసటి ఏడాది బ్రిటిష్ బృందం అక్కడికే వెళ్లి, లేజర్‌తో కొలిచి నిజమేనంది. మన దేశపు టోకమాక్ ఆదిత్య 1989లో గాంధీనగర్‌లో మొదలైంది. మెష్ వరకు చూస్తే అసలు మలుపు 1982. జర్మనీలోని ఆస్డెక్స్ టోకమాక్‌లో, ప్లాస్మా వేడిని మరింత బాగా పట్టి ఉంచే హెచ్-మోడ్ అనే స్థితిని ఫ్రిట్జ్ వాగ్నర్ గమనించాడు. ఈ స్థితిలో ప్లాస్మా అంచున, కొన్ని సెంటీమీటర్ల పొరలోనే పీడనం నిట్టనిలువుగా పడిపోతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ టోకమాక్‌లో ప్లాస్మా వలయం పెద్ద వ్యాసార్ధం (వలయం మధ్య నుంచి ప్లాస్మా నడిమి దాకా) 6.2 మీటర్లు. ఈ రెండు కొలతలూ ఒకే మెష్‌లో ఇమడాలి.

సన్నబరిస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. సరిపోదు. గడి ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది సైజు కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. వేడి అయస్కాంత రేఖ వెంట పోయే వేగానికీ అడ్డంగా పోయే వేగానికీ తేడా కోట్ల రెట్లు. గడులు రేఖలకు ఓరగా ఉంటే, రేఖ వెంట పోయే వేడిలో పిసరంత అడ్డంగా జారినట్టు లెక్క చూపిస్తుంది. ఆ పిసరే అసలు అడ్డ ప్రవాహాన్ని మింగేస్తుంది. వాలు చేలో మట్టం తప్పిన గట్టు దగ్గర నీళ్లు పల్లపు మూలకు చేరి తెంచుకుపోయినట్టు.

అందుకే రేఖల వెంట మెష్ అల్లడం మొదలైంది. అదీ తేలిక కాదు. డైవర్టర్ (ప్లాస్మా అంచు నుంచి వచ్చే వేడినీ వ్యర్థాలనూ తీసుకునే భాగం) ఉన్న టోకమాక్‌లో ఒకచోట, అయస్కాంత రేఖలు అల్లుకున్న ఉపరితలం కత్తెరలా తనను తానే దాటుతుంది. ఆ ఎక్స్-పాయింట్ దగ్గర గడులు సాగి వికారమవుతాయి. గోడ ఆకారం మళ్లీ వేరు. ఇంధనంగా వేసే, మిల్లీమీటర్ల సైజు గడ్డకట్టిన హైడ్రోజన్ గుళిక సంగతి ఇంకో రకం. అది కదిలే కొద్దీ సన్న గడులూ కదలాలి. 2004లో రవి సమ్తానీ బృందం అడాప్టివ్ మెష్‌తో ఆ లెక్క చేసి చూపింది. ప్లాస్మా కట్టు తప్పే డిస్రప్షన్‌లో రేఖలే చిక్కుపడిపోతాయి, మొదట అల్లిన మెష్ అప్పటికి పొసగదు.

ఓరగా వేసిన గడుల్లో వేడి ఎలా జారుతుందో చూడటానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. రెండు దిక్కుల గడుల్లో, రేఖను 30 డిగ్రీలు తిప్పి, వేడి ప్రవాహాన్ని పైథాన్‌లో లెక్కగడితే చాలు. మన కాలేజీల ల్యాబుల్లో ఇది ఒక్క సాయంత్రం పని. ఈ ప్రాజెక్టు మన పిల్లలతో చేయించాలని గట్టిగా కోరుకుంటున్నాను.