జయపురం రాజులకు విశాఖలో మహల్ ఎందుకు?

హవా మహల్ అనగానే చాలామందికి రాజస్థాన్‌లోని జైపూర్ గుర్తొస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న హవా మహల్‌కు ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. ఇది ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉన్న జయపురం రాజులది. కొండల్లో కోట పెట్టుకుని ఇక్కడ సముద్రం ఒడ్డున ఇల్లెందుకు కట్టుకున్నట్టు?

సమాధానం పాత జిల్లా మ్యాపులోనే దొరుకుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. పేరుకు మహారాజులే గానీ, తెల్లదొరల లెక్కలో జమీందార్లు. ఏటా పేష్కష్, అంటే సర్కారుకు కప్పం, కట్టాల్సిందే. పైగా 1839 చట్టం మన్యం మీద అధికారాలన్నీ విశాఖ కలెక్టరుకే కట్టబెట్టింది. గవర్నరుకు ఏజెంటు ఆయనే. అంటే మహారాజుకు ప్రభుత్వంతో ఏ పనిపడినా ఘాట్ దిగి విశాఖ రావాల్సిందే. జయపురానికి రైలు వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. చల్లగాలి కోసం కట్టుకున్న విడిది అంటారు. నిజమే కావచ్చు, కానీ కలెక్టరు ఉండే ఊళ్లో సొంత ఇల్లుంటే ఆ వీలే వేరు.

జయపురం రాజు రామచంద్రదేవ్ కట్టించిన ఈ మహల్ పని 1917లో మొదలై 1923లో పూర్తయింది. సముద్రం వైపు తెరుచుకునే కిటికీలు, వరండాలు చూస్తే ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇందులో ఏ ప్రముఖులు బస చేశారన్న ముచ్చట్లు చాలానే వినిపిస్తాయి. నాకైతే వాటికన్నా 1931లో గద్దెనెక్కిన విక్రమదేవవర్మే ముఖ్యం. ఆయన విశాఖలోనే పుట్టారు, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన కవి. అప్పుడప్పుడే వాల్తేరుకు తరలి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలు కాదు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

1936లో సరిహద్దు గీశాక రాజ్యం అటు, మహల్ ఇటు అయ్యాయి. విక్రమదేవవర్మ 1951లో కన్నుమూశారు. తర్వాత జమీందారీ రద్దు చట్టంతో గ్రామాల శిస్తూ పోయింది. భవనం మాత్రం రాజకుటుంబం సొంత ఆస్తిగా మిగిలింది.

సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, గోడలు పెచ్చులూడతాయి. బీచ్ రోడ్డులో ఇల్లున్న ఎవరినడిగినా ఈ తంటా చెబుతారు. ఒకప్పుడు ఆ ఖర్చు సంస్థానం ఖజానా భరించేది. ఇప్పుడు ఖజానా లేదు, గజం ధర మాత్రం ఆకాశంలో ఉంది. చుట్టుపక్కల పాత బంగళాలు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అయిపోతుంటే, ఇదింకా కూలకుండా ఉందంటే అది ఆ కుటుంబం పట్టుదలే.